స్టోక్ ఊళ్ళో బాణాల అంగడి

ఇంగ్లండు వెళ్ళివచ్చినవాళ్ళు సాధారణంగా లండన్ గడియారస్తంభం గురించి చెబుతారు; థేమ్సు మీది వంతెనల గురించి చెబుతారు; షేక్‌స్పియర్ పుట్టిన ఇంటి గుమ్మంలో నిలబడి తీయించుకొన్న ఫోటో చూపిస్తారు. స్టోక్ ఆన్ ట్రెంట్ అనే వూరి గురించి చెప్పినవాళ్ళు మాత్రం నాకింతవరకు తటస్థపడలేదు. యాత్రికులు బస్సులు కట్టించుకొని వెళ్ళే వూరు కాదది. అయినా పోయిన వేసవి సెలవుల్లో నేనక్కడ పన్నెండు రోజులున్నాను. తరగతిలో ఇరవై ఏళ్ళుగా చెబుతున్న ఒక తెలుగు మాట అర్థాన్ని అక్కడే కళ్ళారా చూశాను. ఇంగ్లండు పోయి తెలుగు మాట చూడడమేమిటని మీకు నవ్వు రావచ్చు. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

లండన్‌లో యూస్టన్ స్టేషన్లో రైలెక్కితే సుమారు గంటన్నరలో స్టోక్ చేరుతాం. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా నిలువెత్తు విగ్రహం ఒకటి కనిపిస్తుంది. దాని చేతిలో కత్తి లేదు, గ్రంథం లేదు. ఒక జాడీ వుంది. ఆయన పేరు జోసయా వెడ్జ్‌వుడ్. 1730లో ఇక్కడే బర్స్‌లెమ్ అనే పేటలో పుట్టిన కుమ్మరి. రాజులకూ సేనాపతులకూ నిలిపే విగ్రహాన్ని ఒక కుమ్మరికి నిలిపిన వూరంటే నాకు దిగగానే గౌరవం కలిగింది. తెలుగు మాస్టారిని గనుక మన కుమ్మర మొల్ల జ్ఞాపకం వచ్చింది.

నిజానికి ఇది ఒక వూరు కాదు, ఆరు వూళ్ళు. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు పట్నాలు 1910లో ఒకటిగా కలిశాయి. 1925లో నగరమన్న హోదా వచ్చింది. భూమిలో బొగ్గు వుంది, బంకమన్ను వుంది. ఇంకేం కావాలి కుమ్మరికి? సీసా ఆకారంలో కట్టిన ఇటుక బట్టీలు ఒకనాడు రెండువేలకు పైగా వుండేవి. 1956లో గాలిని శుభ్రంగా వుంచే చట్టం రావడం, బొగ్గు స్థానంలో గ్యాసూ విద్యుత్తూ రావడంతో వాటి పొగ ఆగిపోయింది. ఇప్పుడు యాభైకి లోపే మిగిలాయి. ఇళ్ళ కప్పుల మధ్య నుంచి అక్కడక్కడా తలలెత్తి చూస్తూ, పెళ్ళివారు వెళ్ళిపోయాక పందిట్లో మిగిలిన పెద్ద గంగాళాల్లా వుంటాయి.

గృహిణులకు పనికివచ్చే ముక్క ఒకటి. ఈ వూరి ఫలహారాన్ని ఓట్‌కేకు అంటారు. కేకని పేరేగాని అది అచ్చంగా మన అట్టు. ఓట్ల పిండిలో కాస్త గోధుమపిండీ ఈస్టూ కలిపి పులవనిచ్చి, పెనం మీద పలచగా పోస్తారు. లోపల చీజు పెట్టి మడిచి యిస్తారు. మొదటి రోజు ఒకటి తిన్నాను. మూడవ రోజుకు మూడు తింటున్నాను. అల్లప్పచ్చడి వుంటే లెక్కపెట్టేవాణ్ణి కాదు.

ఇక నేనక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. మా అక్కయ్యగారి అబ్బాయి ఆ వూళ్ళో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తున్నాడు. వెళ్ళి రెండేళ్ళయింది. నేను బయలుదేరే ముందు అక్కయ్య తెనాలి నుంచి ప్రత్యేకంగా వచ్చి, ఆవకాయ జాడీతో పాటు ఒక బాధ్యత కూడా అప్పజెప్పింది.

“ఒరేయ్ తమ్ముడూ, వాడు మంగళవారం మంగళవారం ఏదో పబ్బుకు వెడుతున్నాడట. అడిగితే బాణాలాట అంటాడు. పబ్బులో బాణాలేమిట్రా! అదీ మంగళవారం పూట, ఆంజనేయస్వామి రోజున. వాడేం చేస్తున్నాడో నువ్వు నీ కళ్ళతో చూసి నాకు చెప్పు,” అన్నది.

చూడగా అది నిజంగా బాణాలాటే. డార్ట్సు అంటారు. గోడకు గుండ్రటి పలక ఒకటి తగిలించి వుంటుంది. దాని నడిబొట్టు నేల నుంచి 5 అడుగుల 8 అంగుళాల ఎత్తున వుండాలి. ఆడేవాడు 7 అడుగుల 9¼ అంగుళాల దూరంలో గీత దగ్గర నిలబడి, జానెడు లేని బాణాలు మూడు విసరాలి. పలక 1 నుంచి 20 దాకా ముక్కలుగా పంచి వుంటుంది. అంకెలు వరసగా వుండవు. 20కి ఒక పక్క 1, రెండవ పక్క 5. 19కి అటూ యిటూ 3, 7. అత్యాశపడి గురి తప్పినవాడికి అక్కడికక్కడే జరిమానా అన్నమాట. ఆటగాడు 501తో మొదలుపెట్టి, తాను తెచ్చుకొన్నదంతా తీసివేసుకొంటూ, చివరకు రెట్టింపు గడిలో వేసి సరిగ్గా సున్నాకు రావాలి. ఆ రెట్టింపు గడి వెడల్పు 8 మిల్లీమీటర్లు. మన చిటికెన వేలి గోరంత.

పలక కర్రది కాదు. పూర్వం ఎల్మ్ చెక్కతో చేసేవారు. ఎండి పగలకుండా రాత్రిళ్ళు నీళ్ళలో నానబెట్టేవారు. 1930ల నుంచి సిసల్ నారతో చేస్తున్నారు. మన రైలుకట్టల పక్కన ముళ్ళతో పెరిగే కిత్తనార మొక్క లేదూ? ఆ జాతిదే. నారపోచలను నిలువుగా నిలబెట్టి గట్టిగా బిగిస్తారు. మొన పోచల మధ్య దిగుతుంది. తీయగానే పోచలు మళ్ళీ కలుసుకొని కన్నం మూసుకొంటుంది. దెబ్బను తనలో యిముడ్చుకొని మచ్చ కనబడనివ్వని ఆ నారను చూస్తే ముచ్చటవేసింది.

ఈ ఆటకు స్టోక్ ఒక తీర్థం వంటిది. ఫిల్ టేలర్ అనే ఆయన ఈ వూరివాడే. పింగాణీ కర్మాగారంలో పిడులు తయారుచేసే కూలి. అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన ఎరిక్ బ్రిస్టో లండన్ నుంచి వచ్చి యిక్కడ స్థిరపడి, టేలర్ చేతిలో వున్న విద్యను గుర్తుపట్టి, కొలువు మానుకొని ఆడుకోమని డబ్బు సర్దుబాటు చేశాడు. 1990లో ప్రపంచ పోటీ చివరి ఆటలో ఆ శిష్యుడు గురువునే ఓడించాడు. తరువాత 2013 వరకూ మొత్తం 16సార్లు ప్రపంచ విజేత అయ్యాడు. గురువుకు శిష్యుడి చేతిలో ఓటమి కోరుకోదగినదని మన పెద్దలంటారు గదా. ఆ మాట తెలుగుదేశానికి ఎంత దూరాన రుజువయిందో చూడండి.

మావాడి సంగతి అంత ఘనంగా లేదు. మొదటి ఏడాదంతా వాడు ఆసుపత్రి నుంచి గదికీ, గది నుంచి ఆసుపత్రికీ తిరిగాడట. సెలవు రోజున మాట్లాడడానికి మనిషి లేక, కూరగాయల అంగడిలో అవసరం లేకపోయినా ధరలు అడిగేవాడట. ఇది వాడు నవ్వుతూనే చెప్పాడు గాని, వింటున్న నాకు నవ్వు రాలేదు. అప్పుడు ఆసుపత్రిలో రోగుల మంచాలు నెట్టే ఒక పెద్దాయన, “మా పబ్బు జట్టులో ఒకడు తక్కువయ్యాడు, వస్తావా?” అని పిలిచాడు. అది మొదలు మంగళవారం సాయంత్రాలు వాడికంటూ ఒక చోటు ఏర్పడింది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు పదిమంది దొరికారు.

“తాగడం సంగతి?” అని అడిగాను మొగమాటం లేకుండా.

“నారింజరసం, మావయ్యా. మొదట్లో ఏడిపించారు. ఇప్పుడు నేను లోపలికి రాగానే వాళ్ళే గ్లాసు తీసిపెడతారు. నా బాధ అది కాదు. మూడు వారాలుగా వరసగా ఓడిపోతున్నాను. బాణం వణుకుతోంది. వచ్చే సీజనుకు ఇంకో కుర్రాణ్ణి చూస్తున్నామని కెప్టెన్ మెల్లిగా అన్నాడు.”

ఆ చివరి మాట చెప్పేటప్పుడు వాడు కిటికీ వంక చూశాడు. జట్టు పోతే మంగళవారాలు పోతాయి. మంగళవారాలు పోతే మళ్ళీ ఆ గదే గతి. అంతటి సంగతి రెండంగుళాల ప్లాస్టిక్ రెక్క మీద ఆధారపడి వుందని అప్పటికి మా యిద్దరికీ తెలియదు.

మర్నాడు హాన్లీ పేటలో బాణాల అంగడికి వెళ్ళాం. చిన్న అంగడి. గోడల నిండా బాణాలు, వాటి భాగాలు. వెనకగదిలో పరీక్షించి చూసుకోవడానికి ఒక పలక. యజమాని డెబ్బయి దాటిన మనిషి. ముప్పై ఏళ్ళు పింగాణీ బట్టీలో పనిచేశాడట. పంచాగ్నుల మధ్య తపస్సు చేసినవాడిలా మాట తక్కువ, చూపు ఎక్కువ.

గల్లాపెట్టె పక్కన అద్దాల పెట్టెలో పాతకాలపు బాణాలున్నాయి. కర్ర పిడి, ఇనుప మొన, వెనక నాలుగు టర్కీకోడి ఈకలు. తరువాతి కాలంలో ఈకల స్థానే మడతపెట్టిన కాగితం వచ్చింది. దాని వెనక ప్లాస్టిక్ వచ్చింది. కర్ర పిడి పోయి ఇత్తడి వచ్చింది; 1970లలో టంగ్‌స్టన్ వచ్చింది. ఇత్తడికి రెట్టింపుకు పైగా బరువైన లోహం గనుక, అదే బరువుకు పిడి సన్నబడుతుంది. గోరంత గడిలో మూడు బాణాలు ఇరికించవలసినవాడికి ఆ సన్నదనమే వరం.

డార్టుకు నాలుగు భాగాలు. ముందు మొన, తరువాత చేత్తో పట్టుకొనే పిడి, దాని వెనక మరతో బిగించే కాడ, దాన్ని షాఫ్టు అంటారు, కాడ చివర నిలువుగా చీలిన గాడిలో దూర్చే నాలుగు మడతల రెక్క, దాన్ని ఫ్లయిటు అంటారు. ఖరీదంతా పిడిదే. కాడా రెక్కా ఒకటి రెండు పౌండ్లకు జత దొరుకుతాయి. అందువల్ల కొత్తవాళ్ళు పిడి కోసం నెలలు ఆలోచించి, రెక్కలు రంగు చూసి కొంటారట. చీరకు వేలు పోసి, కుట్టించే దర్జీని ఎవరు దొరికితే వాళ్ళని పెట్టుకొన్నట్టు.

ముసలాయన మావాడిని తొమ్మిది బాణాలు వేయమన్నాడు. వాడు వేశాడు. ఆయన పలక వంక చూడలేదు; బాణం తోక వంకే చూశాడు. తరువాత అడిగాడు: “ఈ సన్నరెక్కలు ఎందుకు పెట్టావు?”

“టీవీలో ఒక ఛాంపియన్ పెట్టాడు.”

“ఆయన చెయ్యి కూడా పెట్టుకొన్నావా?”

ఆ తరువాత ఆయన చెప్పినది నా మాటల్లో చెబుతాను. చేతిలోంచి బయటపడే బాణం ఏదీ తిన్నగా పోదు. ఎంతటివాడు వేసినా కొంచెం అటో యిటో వంగి బయలుదేరుతుంది. అప్పుడు వెనకనున్న రెక్క గాలికి అడ్డం పడుతుంది. గాలి దాన్ని నెట్టి మళ్ళీ దారిలో పెడుతుంది. పలక చేరడానికి పట్టే కాలం అర సెకనుకు లోపే. ఆ లోపలే వణుకు అణగాలి. రెక్క పెద్దదైతే గాలి పట్టు ఎక్కువ, బాణం త్వరగా కుదుటపడుతుంది. అయితే వేగం కొంత తగ్గుతుంది. రెక్క చిన్నదైతే గాలి అడ్డు తక్కువ, వేగం నిలుస్తుంది. కాని తప్పు దిద్దే బలం కూడా తక్కువ. గట్టిగా, బల్లపరుపుగా విసిరేవాడికి సన్నరెక్క. మెత్తగా, కొంచెం ఎత్తుగా విల్లులా వంపు తిరిగేటట్టు వేసేవాడికి వెడల్పు రెక్క. మావాడు రెండవ రకం. మొదటివాళ్ళ రెక్క పెట్టుకొన్నాడు.

కాడ సంగతీ అంతే. కురచది సుమారు 35 మిల్లీమీటర్లు, నడిమిది 41, పొడుగుది 48 వుంటుంది. కాడ పొడుగైతే రెక్క వెనక్కి జరిగి, బాణం బరువుకేంద్రానికి దూరమవుతుంది. తూముతలుపు ఎత్తే గునపం పొడుగైన కొద్దీ తేలిక అయినట్టు, రెక్కకు బాణాన్ని దిద్దే బలం పెరుగుతుంది. మరీ పొడుగైతే బరువు వెనక్కి లాగి తోక వూగుతుంది. నైలాన్ కాడ తేలిక, చవక; కాని మీద దెబ్బ పడితే విరిగి, మర ముక్క పిడిలోనే వుండిపోతుంది. అల్యూమినియం కాడ విరగదుగాని వంగుతుంది, బరువు కాస్త ఎక్కువ, ఆడగా ఆడగా మర వదులవుతుంది. రెక్కల్లో కూడా 75 మైక్రాన్ల పలచనిది, 100ది, 150ది అని మందాలున్నాయి. పలచనిది తేలిక, త్వరగా చిరుగుతుంది; మందమైనది మన్నుతుంది.

“ఒక్కసారికి ఒక్కటే మార్చు,” అన్నాడాయన. “రెండూ కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో తెలియదు.” పరిశోధన చేసే మా విద్యార్థులకు నేను చెప్పే మాటే యిది. ముప్పై ఏళ్ళు మట్టి కాల్చినవాడి నోట వింటే ఇంకా బాగుంది.

ముందు కాడ అలాగే వుంచి రెక్క మార్చారు. తోక వణుకు సగం తగ్గింది. తరువాత ఆ రెక్కనే వుంచి, కురచకాడ తీసి పొడుగుకాడ పెట్టారు. నేను పక్కన నిలబడి ఒక కాగితం మీద లెక్క రాస్తున్నాను. కాసేపటికి రాయడం మాని చూడడం మొదలుపెట్టాను. బాణాలు ఒకదాని వెంట ఒకటి ఒకే దారిన పోయి, పక్కపక్కనే నిలుస్తున్నాయి. అంతలో టక్కుమని కొత్త చప్పుడు. రెండవ బాణం మొన సరిగ్గా మొదటి బాణం వెనక రెక్కల నడుమ దిగబడి అక్కడే వుండిపోయింది.

“రాబిన్‌హుడ్!” అని ముసలాయన మొదటిసారి నవ్వాడు. బాణాన్ని బాణంతో చీల్చిన తమ కథానాయకుడి పేరు ఆ దెబ్బకు పెట్టుకొన్నారట.

నేను మాత్రం ఆ పేరు వినలేదు. నాకు వినబడినది ‘పుంఖానుపుంఖం.’

పుంఖమంటే బాణపు పిడెం, ఈకలు కట్టే వెనకభాగం. ముందు పోయే బాణం పుంఖాన్ని వెనక వచ్చే బాణం తాకేటంత ఎడతెగకుండా వేయడం పుంఖానుపుంఖం. తరగతిలో ఈ మాట వస్తే ‘ధారాళంగా, ఎడతెరిపి లేకుండా’ అని చెప్పి ముందుకు పోతాం. ఉపన్యాసాలు పుంఖానుపుంఖం, వ్యాసాలు పుంఖానుపుంఖం. ఈ రోజుల్లో మా అక్కయ్య వాట్సాప్ సందేశాలు కూడా పుంఖానుపుంఖమే. కాని ఆ మాట వెనక ఒక చెయ్యీ, ఒక దారీ, రెండు బాణాలూ వున్నాయని చెవులతో వినడం వేరు, కళ్ళతో చూడడం వేరు. రెండు బాణాలు ఒకే పుంఖం మీద కలవాలంటే మొదటిది తిన్నగా పోయి వుండాలి. రెండవది దాని కన్నా తిన్నగా పోవాలి. ఎక్కువగా రావడం దాని అర్థంలో సగమే. మిగతా సగం ఒకే దారిన రావడం.

అక్కడే నిలబడి మన అమరకోశంలో బాణానికున్న పేర్లు తలచుకొన్నాను. ఆశుగం అంటే వేగంగా పోయేది. అజిహ్మగం అంటే వంకర లేకుండా పోయేది. పత్రి అంటే రెక్కలు గలది. కొంగజాతి పక్షి ఈకలు కట్టినదానికి కంకపత్రమని వేరే పేరుంది. మొదటి గుణం చేతిది. రెండవ గుణం రెక్కది. మన పూర్వులు ఈకలకు పెట్టిన పేరు వూరికే పెట్టలేదు.

ముసలాయన చిరిగిన రెక్క తీసి పారేసి, కొత్తది తొడిగాడు. “రెక్క చిరగడం మంచి గుర్తు. చిరగనివాడి బాణాలు ఒకదానికొకటి దూరంగా పడుతున్నాయన్నమాట,” అన్నాడు. వెడల్పు రెక్కలు ఆరు జతలు, 48 మిల్లీమీటర్ల నైలాన్ కాడలు రెండు జతలు కొన్నాం. కొనేముందు ఆయన ఒక హెచ్చరిక కూడా చేశాడు. రెక్క దిద్దగలిగినది గాలిలోని తప్పునే. మనసులోని తప్పును దిద్దే రెక్క ఏ అంగట్లోనూ దొరకదు. అంతటి బ్రిస్టోకే 1980ల చివర్లో చేతివేళ్ళు బాణాన్ని వదలకుండా బిగుసుకుపోయే జబ్బు వచ్చింది. దానికి ఇక్కడ డార్టైటిస్ అని పేరు. “కాబట్టి ఇంటికి పోయి రోజూ రెక్కలు మార్చకు. ఇవే పెట్టుకొని విసురు,” అన్నాడు.

మంగళవారం సాయంత్రం నేనూ పబ్బుకు వెళ్ళాను. మే నెల గనుక ఎనిమిదైనా బయట వెలుతురే. లోపల ముసలివాళ్ళు, నడివయసువాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. మూల ఒక కుక్క. నాకు కుర్చీ వేసి, అడక్కుండానే నారింజరసం తెచ్చిపెట్టారు. పలక పక్కన సుద్దముక్క పట్టుకొన్న ముసలమ్మ తీసివేతలు నోటితో చేసి రాస్తోంది. మన రైతుబజారులో కూరలమ్మే అమ్మకు సరిజోడు.

మావాడి వంతు చివర్లో వచ్చింది. చివరి ఆటలో వాడికి 32 మిగిలింది. ఈ ఆటలో 32 అంటే అందరికీ ప్రీతి. 16 రెట్టింపు కావాలి; గురి తప్పి వట్టి 16లో పడినా మిగిలే 16కు 8 రెట్టింపు వుంది; అదీ తప్పితే 4, తరువాత 2, తరువాత 1. సగం సగంగా తరుగుతూ ఆటగాడికి ఆసరా యిస్తుంది. మొదటి బాణం తీగ బయట పడింది. రెండవది వట్టి 16లో పడింది. మూడవది వణకకుండా పోయి 8 రెట్టింపులో దిగింది. కుక్కతో సహా అందరూ లేచారు.

జట్టు మొత్తం మీద ఆ రోజు 5–4తో ఓడింది. అయినా కెప్టెన్ వెళ్ళేటప్పుడు వచ్చే సీజను పట్టికలో పేరు రాసుకొంటానని వాడి భుజం తట్టాడు. మావాడు బాణాలు విప్పి, రెక్కలు జాగ్రత్తగా మడిచి, పెట్టెలో పెట్టుకొంటున్నాడు.

అప్పుడు అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. మనకు రెండు గంటలు. అక్కయ్య మేలుకొనే వుంది. ఫోన్ చేసి చూసినదంతా చెప్పాను. అంతా విని, “ఇంతకీ ఏం తాగాడు?” అన్నది.

“నారింజరసం.”

కాసేపు మాట్లాడలేదు. తరువాత గొంతు సర్దుకొని, “ఆ ముసలమ్మ, లెక్కలు రాసే ఆవిడ, మావాణ్ణి ఏమని పిలుస్తుంది?” అని అడిగింది.

“పేరు పెట్టే పిలుస్తుంది, అక్కయ్యా. చక్కగా పలుకుతుంది కూడాను.”

“అయితే సరే,” అన్నది. ఇప్పుడు ప్రతి బుధవారం తెల్లవారగానే మా యింట్లో అందరి ఫోన్లలోనూ అక్కయ్య సందేశం వుంటుంది. అందులో ఆంజనేయస్వామి బొమ్మ కింద మావాడి జట్టు గెలిచిందో ఓడిందో రాసి వుంటుంది.